పేరునకు పట్టిన నింద

ఊళ్లకును వస్తువులకును పేర్లు పలు విధములుగా వచ్చుచుండును. కొన్ని గౌరవార్థము పెట్టినవి. కొన్ని పరిహాసమునుండి పుట్టినవి. అయితే పెట్టిననాటి భావమే ఎల్లకాలము నిలుచుననుటకు వీలులేదు. ఎత్తిపొడుపుగా అన్న మాట ప్రతిష్ఠకు గుర్తు కావచ్చును. గౌరవముతో పెట్టిన పేరు నిందగా మారవచ్చును. మొదటిదానికి నిదర్శనము ఇంటింట వాడెడి జిగురుటేపు. రెండవదానికి నిదర్శనము బాపట్లకు సమీపమున నున్న స్టూవర్టుపురము.

చినిగిన పుస్తకమునకు అతికించెడి పారదర్శకమైన టేపును మన దేశమున సెల్లోటేపు అందురు. అమెరికాలో దానికి స్కాచ్ టేపు అని పేరు. రిచర్డు డ్రూ అను యువకుడు ఆ దేశమున గరుకు కాగితము తయారుచేయు త్రీ ఎం కంపెనీలో ఉద్యోగి. ఆ కాలమున మోటారుకార్లకు రెండు రంగులు వేయుట వేడుకగా నుండెను. ఒక రంగు వేయునపుడు రెండవ భాగమును కాగితములతో కప్పి అంటించెడివారు. వాటిని ఊడదీయగా రంగుకూడ లేచివచ్చుచుండెను. ఈ చిక్కును కనిపెట్టి డ్రూ 1925లో సులభముగా ఊడివచ్చు టేపు నొకదానిని సిద్ధపరచెను. మొదట దానికి అంచులయందు మాత్రమే జిగురు పూసిరట. అది నిలువక రాలిపోగా, రంగులు వేయువా డొకడు విసిగి, దీనిని నీ స్కాచ్ యజమానులకే తిరిగి యిచ్చి జిగురు నిండుగా పూయుమని చెప్పుమనెనట. పేరు ఇట్లు పుట్టినదని చెప్పుదురు.

స్కాచ్ అనగా స్కాట్లండు దేశమునకు చెందినది. స్కాట్లండువారు పిసినారులని ఆనాటివారు ఎగతాళి చేయుచుండిరి. ఒక జాతినంతటిని ఒకే గాట కట్టు మాట యది. అందు న్యాయము లేదు. అయినను కంపెనీ ఆ మాటనే తన సరకునకు పేరుగా గైకొనెను. 1930లో పారదర్శకమైన టేపు బయటికి వచ్చెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. చినిగినదానిని పారవేయక అతికించుకొనుటకు అది జనులకు ఎంతయో ఉపకరించెను. ఆ విధముగా పిసినారితనమును ఎత్తిచూపిన మాట పొదుపునకు గుర్తాయెను.

స్టూవర్టుపురము కథ దీనికి తలక్రిందులు. ఎరుకలవారు పూర్వము తీరప్రాంతపు ఉప్పును, మెట్టసీమల ధాన్యమును పశువులపై వేసికొని ఊరూర తిరిగి వర్తకము చేసెడివారు. వెదురుతో బుట్టలు, తట్టలు అల్లెడివారు. వారి స్త్రీలు ఎరుక చెప్పెడివారు. రైలుమార్గములు వచ్చిన పిమ్మట సరకులు రైలుబండ్లపై పోసాగెను. పశువులపై మోసెడివారికి పని తగ్గెను. అడవి చట్టములవలన వెదురును, పశువుల మేతయు దుర్లభమాయెను. కరవులు వారిని మరింత క్రుంగదీసెను. బ్రదుకుతెరువు పోయి తిరుగాడువారిని దొరతనమువారు సంశయముతో చూచిరి.

1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. మొదట అది ఉత్తరదేశమున అమలులోనుండి, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. నేరము చేసినవానిని శిక్షించుట ఏ చట్టమునకైనను ధర్మమే. ఈ చట్టము అట్లుగాక, కొన్ని కులములనే నేరస్థులుగా ప్రకటించెను. అట్టివారి వ్రేలిముద్రలు తీసికొని, పేర్లు పట్టికల కెక్కించిరి. వారు హాజరు చెప్పుకొనవలెను. అనుమతి లేక నివాసము దాటరాదు. ఆ యింట పుట్టిన పసిపాపయు పుట్టుకతోనే అనుమానమునకు పాత్రమాయెను.

ఇట్టివారిని ఒకచోట ఉంచి పనులు నేర్పుటకై సెటిల్మెంట్లు వెలసెను. 1913 ప్రాంతమున బాపట్ల దాపున సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థ అట్టిదొకటి స్థాపించెను. సర్ హెరాల్డ్ స్టూవర్టు అప్పుడు మద్రాసు ప్రభుత్వమున కార్యనిర్వాహక సభ్యుడు; 1902-03 నాటి పోలీసు కమిషనునకు కార్యదర్శిగా పనిచేసినవాడు. ఆయన గౌరవార్థము ఆ నివాసమునకు స్టూవర్టుపురమని పేరు పెట్టిరి. అచటివారు సేద్యము చేసిరి. చీరాల పొగాకు కర్మాగారమున కూలికి పోయిరి. బడియు, వైద్యమును వచ్చెను. కాని కావలి మాత్రము తొలగలేదు.

మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను నింద పోలేదు. ఆ ఊరివారిలో కొందరు దొంగతనమున దిగినమాట నిజమే. కాని ఎక్కడ దొంగతనము జరిగినను మొదట ఆ ఊరి పేరే చెప్పుట లోకమునకు అలవాటాయెను. ఊరి పేరు చెప్పినచో పని యిచ్చువారు వెనుకాడిరి. 1991లో ఆ పేరుతో చలనచిత్రములును వెలువడి ఆ భావమునే పెంచెను. ఒక దొర గౌరవార్థము పెట్టిన పేరు నిరపరాధుల నుదుట ముద్రయై నిలిచెను.

ఆ ముద్రను చెరుపుటకు పాటుపడినవారును కలరు. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణము, ఆమె భర్త లవణము 1970లనుండి సంస్కార్ సంస్థ ద్వారా అచట పనిచేసిరి. నేరమార్గమున ఉన్నవారితో స్నేహముగా మాటలాడి, దానిని విడుచునట్లు ప్రోత్సహించిరి. ఊరివారును పిల్లలను చదువులకు పంపిరి. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టున జరిగిన కామన్వెల్తు క్రీడలలో స్టూవర్టుపురమునకు చెందిన రాగాల వెంకట రాహుల్ 85 కిలోల తరగతిలో మొత్తము 338 కిలోల బరువునెత్తి స్వర్ణపతకము గడించెను. ఆనాడు పత్రికలలో ఆ ఊరి పేరు వేరొక కారణమున వెలువడెను.

టేపు నిర్జీవమైన వస్తువు; దాని పేరులోని ఎగతాళిని మరచుట లోకమునకు సులభమాయెను. మనుష్యుల విషయమున అది అంత సులభము కాదు. చట్టమును ప్రభుత్వము ఒక దినమున రద్దుచేయగలదు. జనుల మనసులోని తలపును జనులే తీసివేయవలెను. ఒకని ఊరిపేరు వినినంతనే వాని గుణమును నిర్ణయింపక, వాని పనిని చూచి గుణమెంచుటయే దానికి మార్గము.