ఒక్క ఇన్నింగ్స్ మొనగాడు... ధరెంత?

మీకు తెలుసా? తన జట్టు ఏడాది పొడుగునా ఆడే ఆటలో నూటికి నాలుగు వంతులు మాత్రమే బంతి పట్టే మనిషికి 10 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చారు! అప్పటి లెక్కన మన రూపాయల్లో ఎనిమిది వందల కోట్ల పైమాటే. ఆ అదృష్టవంతుడు ఎడ్విన్ డియాజ్. రాసిచ్చింది న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు, 2022 నవంబర్‌లో, అయిదేళ్లకు. ఆ ఏడాది ఆయన వేసింది 62 ఇన్నింగ్స్. జట్టు మొత్తం ఆడేది సుమారు 1,458. మిగతా సమయమంతా ఏం చేస్తాడంటారా? కూర్చుంటాడు!

ఈ కొలువు పేరు రిలీఫ్ పిచర్, పొట్టిగా రిలీవర్. మొదట బంతి వేసినవాడు (స్టార్టర్) అలిసిపోయాక వచ్చేవాడు. గెలుస్తున్న మ్యాచ్‌లో చివరి ఇన్నింగ్స్ వేసి తాళం వేసేవాడు క్లోజర్. అలా గెలుపు కాపాడితే ఖాతాలో ఒక ‘సేవ్’. మన డెత్ ఓవర్ల బౌలర్ అనుకోండి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండి, ఒప్పందం తీరిపోతే అతను ఫ్రీ ఏజెంట్. ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. వివరణ అయిపోయింది, ఇక పదండి!

మీకు తెలుసా? ఆ కోట్ల ఒప్పందంలో తొలి ఏడాది డియాజ్ మెట్స్‌కి వేసిన బంతులు ఎన్నో? సున్నా! 2023 మార్చి 15న వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఆయన సొంత జట్టు ప్యూర్టో రికో గెలిచింది. ఆటగాళ్లంతా ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. డియాజ్ మోకాలి దగ్గర స్నాయువు తెగింది. సీజన్ మొత్తం గోవిందా. బంతి వేస్తూ కాదండోయ్, గంతులేస్తూ!

ఇంకో తమాషా. ఆ సొమ్ములో 2 కోట్ల 65 లక్షల డాలర్లు వాయిదాల మీద ఇస్తామన్నారు. ఎప్పటిదాకా? 2042 దాకా! అందుకే 2024 జనవరిలో జోష్ హేడర్‌కి హ్యూస్టన్ ఆస్ట్రోస్ 9 కోట్ల 50 లక్షలు వాయిదాల్లేకుండా ఒప్పుకోగానే, నేటి విలువ ప్రకారం ఇదే పెద్ద ఒప్పందమన్నారు లెక్కలు తెలిసినవాళ్లు. 95 అంటే 102 కన్నా ఎక్కువ. మన లెక్కల మాస్టారు వింటే బెంచీ ఎక్కించేవారు!

మీకు తెలుసా? 1976లో ఫ్రీ ఏజెంట్ల సంత మొదలైనప్పుడు అందరికన్నా ముందు అమ్ముడైంది రిలీఫ్ పిచరే! పేరు బిల్ క్యాంప్‌బెల్. మిన్నెసోటా ట్విన్స్ ఆయనకు ఏడాదికి పాతిక వేల డాలర్లు కూడా ఇవ్వలేదు. నాలుగు వేలో అయిదు వేలో పెంచమంటే యజమాని ససేమిరా అన్నాడు. బోస్టన్ రెడ్ సాక్స్ వచ్చి అయిదేళ్లకు 10 లక్షల డాలర్లు చేతిలో పెట్టింది. వేలు దాచుకున్న యజమానికి మొనగాడే చేజారిపోయాడు!

క్యాంప్‌బెల్ 1977లో 31 సేవ్‌లతో తన లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. 140 ఇన్నింగ్స్ వేశాడు. ఇప్పటి క్లోజర్ రెండేళ్లు కష్టపడినా అన్ని వేయడు. ఆ తర్వాత? భుజం మొరాయించింది. కొన్నవాళ్ల గుండెల్లో రాయి పడటం తొలి బేరంతోనే మొదలైందన్నమాట!

మీకు తెలుసా? మీ దగ్గర లీగ్‌లోకెల్లా మేటి పిచర్ ఉంటే, అతని ఉద్యోగానికే ఇంకొకణ్ణి కొంటారా? న్యూయార్క్ యాంకీస్ కొన్నారు! 1977లో వాళ్ల రిలీవర్ స్పార్కీ లైల్ మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అమెరికన్ లీగ్‌లో ఒక రిలీవర్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అదే శీతాకాలంలో యాంకీస్ గూస్ గోసేజ్‌ని ఆరేళ్లకు 27 లక్షల 50 వేల డాలర్లకు తెచ్చుకుంది. మరుసటి ఏడాది గోసేజ్‌కి 27 సేవ్‌లు, లైల్‌కి 9. అవార్డు అల్మారాలో, మనిషి బెంచీ మీద!

అన్నట్టు, ఈ లైల్ గారికి ఒక సరదా ఉండేది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరిదైనా పుట్టినరోజు కేక్ కనిపిస్తే, ఒంటి మీద నూలుపోగు లేకుండా దాని మీద కూర్చునేవాడు. ఏ గణాంకంలోనూ ఇది పట్టుబడదు!

మీకు తెలుసా? ఆట మానేసి ముప్ఫై ఏళ్లయినా జీతం అందుకోవచ్చు! బ్రూస్ సటర్ 1984లో 45 సేవ్‌లు చేసి ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. అట్లాంటా బ్రేవ్స్ ఆరేళ్ల ఒప్పందం రాసింది. అందులో సగం సొమ్ము 13 శాతం వడ్డీ మీద దాచి, ఆరేళ్ల తర్వాత ముప్ఫై ఏళ్ల పాటు ఏటా పది లక్షల డాలర్లకు పైగా చెల్లించేలా ఏర్పాటు. 13 శాతం! ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇస్తుందండీ?

మరి బ్రేవ్స్‌కి దక్కిందేమిటి? భుజం దెబ్బతిన్న సటర్ అక్కడ చేసిన సేవ్‌లు మొత్తం 40. ముందు ఒక్క ఏడాదిలో చేసినన్ని కూడా కావు! అయినా ఆయన గొప్పతనం తక్కువేం కాదు. జీవితంలో ఒక్క మ్యాచ్ కూడా తొలి బంతితో మొదలుపెట్టకుండానే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కిన మొట్టమొదటి పిచర్ ఆయనే. ఆలస్యంగా రావడమే అర్హత!

ఈ ‘సేవ్’ అనే లెక్క పుట్టించింది ఎవరో తెలుసా? ఆటగాడు కాదు, కోచ్ కాదు, షికాగో పత్రికల్లో ఆటల వార్తలు రాసే జెరోమ్ హోల్ట్‌జ్‌మన్! 1969లో అది అధికారిక గణాంకమైంది. ఆ తర్వాత క్లోజర్ల జీతాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. విలేకరి కలం గీతకు కోట్లు రాలాయి. విలేకరి జీతం మాత్రం అడక్కండి!

మీకు తెలుసా? 27 పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌ని కూడా ఒకడు ‘కాపాడాడు’! 2007 ఆగస్టు 22న టెక్సస్ రేంజర్స్ బాల్టిమోర్ ఓరియోల్స్‌ని 30–3తో చితక్కొట్టింది. చివరి మూడు ఇన్నింగ్స్ వేసిన వెస్ లిటిల్టన్ ఖాతాలో సేవ్ పడింది. ఆధిక్యం ఎంతైనా సరే, ఆఖరి మూడు ఇన్నింగ్స్ నిలబడి వేస్తే సేవ్ ఇవ్వొచ్చని నిబంధన. మునిగిపోతున్నది అవతలి జట్టు, కాపాడింది ఇవతలి జట్టుని!

అందుకే తెలివైన జట్లు సేవ్‌లను చూసి డబ్బివ్వడం మానేశాయి. మరేం చూస్తాయి? 2001లో వోరస్ మెక్రాకెన్ అనే ఆయన ఒక బాంబు పేల్చాడు. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడ్డ బంతి ఏమవుతుందన్నది పిచర్ చేతిలో పెద్దగా లేదన్నాడు! ఫీల్డర్లు, అదృష్టం, అంతే. పిచర్ చేతిలో ఉన్నవి స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ని తనే అవుట్ చేయడం), వాక్‌లు (గురి తప్పి బేస్ ఊరికే ఇవ్వడం), హోమ్ రన్లు (మన సిక్సర్లనుకోండి). వాటితోనే ఫిప్ అనే కొలమానం తయారైంది. హోమ్ రన్‌కి 13, వాక్‌కి 3 కలుపు. స్ట్రైకౌట్‌కి 2 తీసెయ్. క్లోజర్ గారి మీసం, చూపు, నడక అన్నిటికీ మార్కులు సున్నా!

మీకు తెలుసా? ఒక్క చెడ్డ రాత్రి చాలు, ఏడాది పరువు తీయడానికి! రిలీవర్ ఏడాదికి అరవై ఇన్నింగ్స్ వేస్తాడు. ఫీల్డర్ల తప్పిదాలతో వచ్చినవి పోను, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడన్నదే ఈఆర్ఏ. మూడు లోపుంటే భేష్, అయిదు దాటితే బేజారు. ఒక్క పూట అయిదు పరుగులిచ్చాడా, ఆ సగటు 0.75 ఎగబాకుతుంది. కడుపునొప్పితో ఆడిన ఒక పూటకి ఏజెంట్ ఏడాదంతా సంజాయిషీ చెప్పుకోవాలి!

ఈ అంకెలతో ఫెర్నాండో రోడ్నీ ఆడుకున్నాడు చూడండి. 2011లో లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్‌కి ఈఆర్ఏ 4.50, సేవ్‌లు 3. ఫ్రీ ఏజెంట్ అయితే టాంపా బే రేస్ 17 లక్షల 50 వేల డాలర్లకు తీసుకుంది, ఈ సంతలో అది చిల్లర. 2012లో ఆయన ఈఆర్ఏ 0.60, సేవ్‌లు 48! సీజన్ అంతా కలిపి ఈఆర్ఏ లెక్కలోకి వచ్చిన పరుగులు అయిదంటే అయిదు. కనీసం 50 ఇన్నింగ్స్ వేసినవాళ్లలో అప్పటికి అదే రికార్డు. గెలిచిన ప్రతిసారీ ఆకాశంలోకి బాణం వదిలినట్టు నటించేవాడు. ఆ ఏడాది నిజంగానే రామబాణం! మరుసటి ఏడాది ఈఆర్ఏ 3.38. అమ్ములపొది ఖాళీ!

మీకు తెలుసా? కొలరాడో రాకీస్ ఒకే శీతాకాలంలో ముగ్గురు రిలీవర్లకు 10 కోట్ల 60 లక్షల డాలర్లు ధారపోసింది! అది 2017. వేడ్ డేవిస్‌కి 5 కోట్ల 20 లక్షలు, బ్రయన్ షాకి, జేక్ మెగీకి చెరి 2 కోట్ల 70 లక్షలు. 2018లో షా ఈఆర్ఏ 5.93, మెగీ 6.49. డేవిస్ మాత్రం 43 సేవ్‌లతో తన లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. హమ్మయ్య అనుకునేలోగా 2019 వచ్చింది, ఆయన ఈఆర్ఏ 8.65. 2020లో? 20.77! ఇది అచ్చుతప్పు కాదు, మళ్లీ చదువుకోండి!

పాపం, ఆ ఊరిదీ కొంత తప్పుంది. డెన్వర్ సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన. బంతి తక్కువ వంపు తిరుగుతుంది, కొడితే ఎక్కువ దూరం పోతుంది. 2002 నుంచి అక్కడ బంతుల్ని తేమ గదిలో దాచిపెడుతున్నారు. పిచర్లను దాచడానికి గది ఇంకా కట్టలేదు!

టొరంటో బ్లూ జేస్‌ది ఇంకో కథ. బి.జె. రయన్‌కి 2005లో అయిదేళ్లకు 4 కోట్ల 70 లక్షలు. తొలి ఏడాది ఈఆర్ఏ 1.37, ఆహా! రెండో ఏడాది మోచేతికి ఆపరేషన్, అయ్యో! 2009 జులైలో ఇంటికి పంపేశారు. ఒప్పందం 2010 దాకా ఉంది కనుక జీతం ఇంటికే నడిచి వచ్చింది!

మీకు తెలుసా? 333 సేవ్‌లున్న క్లోజర్ జూన్ దాకా నిరుద్యోగి! 2018లో బోస్టన్ తరఫున ప్రపంచ టైటిల్ గెలిచిన క్రెయిగ్ కింబ్రెల్‌ని చలికాలమంతా ఎవరూ కొనలేదు. కొంటే కుర్రాళ్ల డ్రాఫ్ట్‌లో ఒక వంతు వదులుకోవాలి. 2019 జూన్‌లో ఆ డ్రాఫ్ట్ జరిగిపోయింది, ఆ షరతు తీరిపోయింది. అదే వారంలో షికాగో కబ్స్ 4 కోట్ల 30 లక్షలతో తలుపు తట్టింది. ఆ ఏడాది ఈఆర్ఏ 6.53. మూఢం పోయాక ముహూర్తం పెట్టినా కాపురం సరిగ్గా సాగలేదు!

దీనికి సరిగ్గా తిరగేసిన కథ లియమ్ హెండ్రిక్స్‌ది. 2018 జూన్‌లో ఓక్లాండ్ ఆయన్ను జాబితాలోంచి తీసేసి, కావాలంటే ఎవరైనా తీసుకోండి అంది. 29 జట్లలో ఒక్కటీ చెయ్యెత్తలేదు! 2019లో అదే మనిషి ఈఆర్ఏ 1.80. 2021 జనవరిలో షికాగో వైట్ సాక్స్ ఆయనకు 5 కోట్ల 40 లక్షలు ఇచ్చింది. ఊరికే వస్తానంటే వద్దన్నారు, కోట్లడిగితే రమ్మన్నారు!

ఆ ఒప్పందంలో ఒక గమ్మత్తైన షరతు. 2024లో ఆయన్ను ఉంచుకుంటే కోటిన్నర డాలర్లు ఇవ్వాలి. వద్దనుకుంటే? అదే కోటిన్నర, కాకపోతే పదేళ్ల వాయిదాల్లో! ఉంటే జీతం, పోతే వాయిదాల్లో జీతం!

మీకు తెలుసా? బేరం కుదిరాక డాక్టరు దగ్గర పెళ్లి పెటాకులవుతుంది! 2013 డిసెంబర్‌లో గ్రాంట్ బాల్ఫోర్‌తో బాల్టిమోర్ కోటిన్నరకు మాట అనుకుంది. వైద్య పరీక్షలు చూసి వెనక్కి తగ్గింది. టాంపా బే కోటి 20 లక్షలకు తీసుకుంది. 2014లో ఈఆర్ఏ 4.91. ఆ ఏడాది అసలు క్లోజర్ బాల్టిమోర్ డాక్టరే!

ఎరిక్ గాన్యే వరసగా 84 సేవ్ అవకాశాలను ఒక్కటీ జారనివ్వని రికార్డు వీరుడు. 2007 డిసెంబర్‌లో మిల్వాకీ కోటి డాలర్లకు ఒప్పుకుంది. అదే వారంలో ఉత్ప్రేరకాల మీద మిచెల్ నివేదిక బయటికొచ్చింది, అందులో ఆయన పేరుంది. 2008 ఈఆర్ఏ 5.44. ముహూర్తం పెట్టిన పంతులెవరో!

వేగం సంగతి? షోయబ్ అఖ్తర్ 161.3 కిలోమీటర్లకే మనం గుడ్లు తేలేశాం కదా. ఆరోల్డిస్ చాప్‌మన్ 2010లో వేసిన బంతి గంటకు 169 కిలోమీటర్లు! 2016లో యాంకీస్ ఆయనకు 8 కోట్ల 60 లక్షలు ఇచ్చింది. అదే శీతాకాలంలో డాడ్జర్స్ 8 కోట్లు ఇచ్చిన కెన్లీ జాన్సెన్ 2009 మొదట్లో పిచరే కాదు, ఎదురుగా గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్! లేచి నిలబడ్డాడు, కోట్లు వచ్చాయి.

మీకు తెలుసా? 71 మ్యాచ్‌లు ఆడి 27 ఇన్నింగ్సే వేసినవాడున్నాడు! 2015లో సెయింట్ లూయిస్ ఎడమచేతి వాటం రిలీవర్ రాండీ చోట్. పని ఒక్కటే: ఎడమచేతి బ్యాటర్‌ని అవుట్ చేసి వెళ్లిపోవడం. 2020 నుంచి కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాల్సిందేనని నిబంధన తెచ్చారు. దాంతో ఒక వృత్తి మొత్తం మాయం!

రెండు చేతులా వేసేవాడుంటే? ఉండేవాడు! పాట్ వెండిట్. ఆరు వేళ్ల ప్రత్యేక గ్లవ్‌తో ఏ చేతికైనా మార్చుకునేవాడు. 2008లో రెండు వైపులా ఆడే బ్యాటర్ ఎదురయ్యాడు. ఇతను చెయ్యి మారిస్తే అతను పక్క మారుస్తాడు, అతను పక్క మారిస్తే ఇతను చెయ్యి! చివరికి ఏ చేత్తో వేస్తావో ముందే చెప్పమని పిచర్ మీద కొత్త నిబంధనే పెట్టారు.

మనవాడొకడు కూడా ఈ గుంపులో ఉన్నాడు, తెలుసా? ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్! క్రికెటర్ రింకూ కాదండోయ్. ఈటె విసిరే కుర్రాడు 2008లో ఒక టీవీ పోటీ గెలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ కింది జట్లలో రిలీవర్ అయ్యాడు. అతని కథతో 2014లో సినిమా వచ్చింది, సంగీతం ఎ.ఆర్. రెహమాన్. ఆ తర్వాత రింకూ ఏమయ్యాడు? కుస్తీ వీరుడు!

మీకు తెలుసా? 2025 సీజన్‌కు ముందు డాడ్జర్స్ టానర్ స్కాట్‌కి 7 కోట్ల 20 లక్షలు ఇచ్చి తెచ్చుకుంది. ఈఆర్ఏ 4.74, చేజార్చిన సేవ్‌లు పది. అయినా ప్రపంచ టైటిల్ వాళ్లదే! టైటిల్ పోరు ఏడో మ్యాచ్‌లో చివరి బంతులు వేసింది యోషినోబు యమమోటో. ఆయన రిలీవరే కాదు, ముందు రాత్రే 96 బంతులు వేసిన స్టార్టర్! దాంతో డాడ్జర్స్ రిలీవర్లను కొనడం మానేసిందా? డిసెంబర్‌లో ఎడ్విన్ డియాజ్‌ని మూడేళ్లకు 6 కోట్ల 90 లక్షలకు తెచ్చుకుంది. ఏడాది సగటులో రిలీవర్లకు కొత్త రికార్డు!

చివరిగా ఒక మీసం కథ. 1972లో ఓక్లాండ్ యజమాని మీసం పెంచితే 300 డాలర్లన్నాడు. రోలీ ఫింగర్స్ కొనలు మెలితిప్పిన మీసం పెంచాడు, 341 సేవ్‌ల మొనగాడయ్యాడు. 1985 తర్వాత ఏ జట్టూ లేక ఉంటే సిన్సినాటి రెడ్స్ పిలిచింది. షరతు: మీసం తీసేయాలి. ఫింగర్స్ ఆటనే వదిలేశాడు! 1992లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన కంచు ఫలకం పెట్టారు. మీసంతో సహా!