తల్లిదండ్రులే టెన్నిస్ గురువులైనచో

మైపాడు సముద్రతీరమున పొడి ఇసుకపై ఒక టెన్నిస్ బంతిని వదలి చూడుడు. అది పడినచోటనే దాదాపుగా నిలిచిపోవును. అదే బంతిని పాఠశాల సిమెంటు అరుగుపై వదలినచో పైకెగయును. ఇసుక రేణువులు కదలి, ఒకదానితో నొకటి రాపిడి చెందుటలో బంతియొక్క గతిజశక్తి ఖర్చగును. గట్టినేలపై బంతి నొక్కుకొని, మరల వ్యాకోచించి లేచును. పోటీలలో సాధారణముగా వాడు పసుపు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుండి గట్టినేలపై వదలినచో 135 నుండి 147 సెంటీమీటర్ల వరకు లేవవలెనని నియమము.

తమ బిడ్డలకు తామే టెన్నిస్ నేర్పదలచిన తల్లిదండ్రులు ముందుగా గుర్తింపవలసిన లెక్క ఇదియే. ఆరేండ్ల పిల్లవాని ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు. అనగా పెద్దల బంతి అతని తలకంటె పైకి లేచును. దానిని కొట్టుటకు అతడు భుజమునకు మించి చేయి చాచి, మణికట్టును మెలిపెట్టవలసివచ్చును. ఆ వయసున ఎముకల కొనలయందు మృదులాస్థితో కూడిన పెరుగుదల పొరలుండును. ఇవి గట్టి ఎముకవలె ఒత్తిడికి ఓర్వలేవు. ఒకే కదలిక విశ్రాంతి లేక పలుమార్లు జరిగినచో వాటికి హాని కలుగవచ్చును.

అందువలననే 2012 నుండి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పదేండ్లలోపు పిల్లల పోటీలలో మామూలు పసుపు బంతిని వాడరాదని నియమించినది. వారికి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తులు గల నెమ్మది బంతులు ఏర్పడినవి. పైచెప్పిన ఎత్తునుండియే ఎర్రబంతి 90 నుండి 105 సెంటీమీటర్లు మాత్రమే లేచును. అపుడు బంతి పిల్లవాని తలను దాటదు.

ఇంటి శిక్షణ ఫలించుననుటకు మన హైదరాబాదే సాక్ష్యము. సానియా మీర్జా ఆరవయేట ఆట ప్రారంభించి, తండ్రి ఇమ్రాన్ మీర్జా శిక్షణలో పెరిగెను. 2003లో వింబుల్డన్ బాలికల జంటల పోటీలోను, 2015లో అక్కడనే మహిళల జంటల పోటీలోను గెలుపొందెను. రెండవసారి ఆమెకు జోడీగా ఆడిన మార్టినా హింగిస్‌కు తొలిగురువు తల్లి మెలనీ మోలిటర్. అయితే పెద్దయిన క్రీడాకారులకును మణికట్టు బాధ తప్పదు. 2008లో సానియా కుడి మణికట్టునకు శస్త్రచికిత్స జరిగినది.

బయటి గురువు బిడ్డను గంటో రెండు గంటలో చూచును. తల్లిదండ్రులు రోజంతయు చూతురు. అన్నము కలుపునపుడు చేయి వణకినను, పుస్తకాల సంచిని రెండవ భుజమునకు మార్చుకొన్నను వారికే ముందు తెలియును. కాని తండ్రికి కోపము వచ్చునని, అమ్మ బాధపడునని బిడ్డ నొప్పిని దాచుటయు అక్కడనే సంభవించును. ఆటస్థలము విడిచిన పిమ్మట ఓటమి ముచ్చట ఇంట ఎత్తకున్నచో బిడ్డ నిర్భయముగా నోరు విప్పును. ఒకేచోట నొప్పి తగ్గకున్న ఆట ఆపించి వైద్యునికి చూపవలెను.

ఉపాధ్యాయులు తరగతి గోడపై పిల్లల ఎత్తులు గుర్తించి, ప్రక్కనే వివిధములైన బంతులు లేచు ఎత్తులను కొలిపింపవచ్చును. ఏ బంతి ఏ బిడ్డకు తగునో ఆ గోడయే చూపును.