క్యాసెట్ నేర్పిన అక్షరాలు

* గట్టు అవతల పుట్టిన పాటే సిరొంచకు తెలుగు వాచకం
* అన్ని పాటలూ హిట్టయిన సినిమాలే భాషను నిలబెట్టాయి
* వంతెన వచ్చింది.. పుస్తకం పోయింది

సిరొంచ: కాళేశ్వరం గట్టు మీద నిలబడితే గోదావరి అవతల కనిపించేవి మహారాష్ట్ర ఊళ్లు. అక్కడ బడి గంట మోగితే పిల్లలు తెరిచేది మరాఠీ పుస్తకం. బడి విడిచి ఇంటికొస్తే అమ్మతో మాట్లాడేది తెలుగు. తహసీల్ ఆఫీసులో దరఖాస్తు మరాఠీలో, అంగడిలో బేరం తెలుగులో. ఇక పెండ్లి బరాత్ బయల్దేరిందంటే డీజేలో మోగేది ముందు తెలుగు పాటే! నడుమ ఒక మరాఠీ, ఒక హిందీ.

గడ్చిరోలి జిల్లా కేంద్రం ఇక్కడికి 200 కిలోమీటర్ల పైనే. కాళేశ్వరమేమో నది దాటితే చాలు. జబ్బు చేస్తే వరంగల్, కరీంనగర్ పోతారు. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ కూడా ఎక్కువగా అటే. మరి తెలుగు బడి మెట్టు ఎక్కని పిల్లలకు ఇంత తెలుగు ఎట్లా వచ్చింది? అమ్మ మాట ఒకటి. రెండోది పాట. అందులోనూ ఒక్క పాట కూడా వదలబుద్ధి కాని క్యాసెట్లు!

ఏ సైడు.. బి సైడు

నేటి పొలగాండ్లకు ఈ ముచ్చట కొత్త. క్యాసెట్‌లో నచ్చని పాట వస్తే వేలితో తోసేసే వీల్లేదు. ముందుకు తిప్పాలి. ఎక్కడ ఆగుతుందో తెలియదు. బ్యాటరీ సెల్లు తొందరగా అయిపోతాయి. టేపు చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి చుట్టుకోవాలి. అందుకే పైసలు పెట్టి కొనేవాడు ఒక్కటే చూసేవాడు.. పాటలన్నీ బాగున్నాయా లేదా?

చాలా క్యాసెట్లలో ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు మరో సినిమా ఉండేవి. అన్నీ హిట్టయిన సినిమా ఉన్న వైపు టేపు అరిగి గరగరలాడేది. రెండో వైపు కొత్తగానే ఉండేది. ఏ సినిమా పాటలు జనంలోకి పోయాయో చెప్పడానికి ఇంతకు మించిన లెక్క లేదు.

ఈ వరసలో పెద్దలు మొదట చెప్పే పేరు 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన కె.విశ్వనాథ్ సినిమా. కె.వి.మహదేవన్ సంగీతం. వేటూరి పాటల పక్కనే త్యాగరాజు, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల కీర్తనలు చేరాయి. సంగీతానికి మహదేవన్, గానానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం జాతీయ అవార్డులు అందుకున్నారు. రాగం పేరు తెలియని రైతు కూడా ఆ కీర్తనలు పాడుకున్నాడు.

తర్వాత 1989లో 'గీతాంజలి'. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా. ఇళయరాజా బాణీలు, వేటూరి మాటలు. 1997లో దాసరి నారాయణరావు 'ఒసేయ్ రాములమ్మ' వచ్చింది. వందేమాతరం శ్రీనివాస్ పాటల్లో వినిపించింది మన ఊరి మాట, మన ఊరి గోస. 2000 నుంచి వరసగా 'చిత్రం', 'నువ్వు నేను', 'జయం'. దర్శకుడు తేజ, సంగీతం ఆర్‌.పి.పట్నాయక్, పాటల రచయిత కులశేఖర్. గొంతు బాగాలేనివాడు కూడా పాడుకోగల సాదా బాణీలు!

పాటల పుస్తకమే పెద్దబాలశిక్ష

ఇక్కడ సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ వార్త రాస్తున్న నేను చదివిందీ మరాఠీ బడిలోనే. 2001లో 'మనసంతా నువ్వే' వచ్చింది. ఆర్‌.పి.పట్నాయక్ సంగీతం, సిరివెన్నెల సీతారామశాస్త్రి సాహిత్యం. అప్పుడు నాకు పదేళ్లు. మామ కాళేశ్వరం శివరాత్రి జాతరకు పోయి వస్తూ క్యాసెట్, దాంతోపాటు పల్చని పాటల పుస్తకం తెచ్చాడు. వారం తిరిగేసరికి పాటలన్నీ నోటికి వచ్చాయి. పుస్తకంలో మాత్రం ఒక్క అక్షరం తెలియదు!

పాట మోగుతుంటే పుస్తకంలో వేలు పెట్టుకుని పోయేవాణ్ని. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కదా.. అదే ముక్క, అదే ఆకారం. చెవికి తెలిసిన మాటను కంటికి అప్పజెప్పడమే పని. ఒక పాటలో దొరికిన అక్షరం రెండో పాటలో పలకరించేది. ఒక్క పాటే వచ్చి ఉంటే ఈ చదువు సాగేది కాదు. ఒక్క పాటలో ఎన్ని అక్షరాలుంటాయి? అన్ని పాటలూ వచ్చాయి కాబట్టే అక్షరాలన్నీ దొరికాయి.

ఒత్తుల దగ్గర బండి ఆగింది. మరాఠీ జోడక్షరాల్లో సగం అక్షరం చాలావరకు పక్కనే అతుక్కుంటుంది. తెలుగు ఒత్తు కింద వేలాడుతుంది. అమ్మ రాత్రి పూట పక్కన కూర్చుని, చీపురు పుల్లతో మట్టిలో రాసి చూపించింది. మూడు నెలలు పట్టింది. ఈ రోజు ఈ పేజీలో రాస్తున్నానంటే ఆ క్యాసెట్ పుణ్యమే.

అన్నీ ఎట్లా హిట్టయ్యాయి?

సినిమాలో పాట కథ నుంచి విడిపోకపోవడం మొదటి కారణం. ఒక సంగీత దర్శకుడు, ఒక కవి, ఒక దర్శకుడు కలిసి కూర్చుంటే పాటలన్నిటికీ ఒకే ఇంటి పోలిక వస్తుంది. అయినా ఒకదాని వెనుక ఒకటి విసుగు పుట్టించవు. ఒకటి జోల, ఒకటి గోల, ఒకటి విరహం, ఒకటి అల్లరి. ఇంట్లో ముసలమ్మకూ చిన్నపిల్లకూ తలా ఒక పాట దక్కుతుంది.

ఇది మన దగ్గరి సంగతే కాదు. 1982 చివర్లో వచ్చిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'లో ఉన్నవి తొమ్మిది పాటలు. అందులో ఏడు అమెరికా పాటల పట్టికలో మొదటి పది స్థానాల్లోకి ఎక్కాయి. 1990లో హిందీ 'ఆషికీ'కి నదీమ్–శ్రవణ్ ఇచ్చిన పాటలు హోటళ్లలో, బస్సుల్లో ఏళ్ల తరబడి మోగాయి. మన సరిహద్దులో ఎవరూ వాటిని పరాయివని అనుకోలేదు.

అటు నుంచి 'సైరాట్'

పాట ఒక వైపే ప్రవహిస్తుందనుకుంటే పొరపాటే. 2016 ఏప్రిల్ 29న మరాఠీ 'సైరాట్' విడుదలైంది. దర్శకుడు నాగరాజ్ మంజులే, సంగీతం అజయ్–అతుల్. పాటలు నాలుగే. నాలుగూ హిట్టే! మరాఠీలో వంద కోట్ల వసూళ్లు దాటిన తొలి సినిమా ఇదే. ఒక పాటలో వినిపించే చిన్మయి గొంతు తెలుగు వాళ్లకు ఎప్పటి నుంచో ఎరుకే. కథలో కులం వేరని తరిమితే ఆ జంట పారిపోయి వచ్చేది ఎక్కడికనుకున్నారు.. మన హైదరాబాద్‌కే. భాష తెలియని ఊళ్లో ఆ మరాఠీ పిల్ల బతుకు మొదలుపెడుతుంది. రెండు భాషల నడుమ బతికే సిరొంచకు ఆ కష్టం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇక్కడి బరాత్‌లో 'ఝింగాట్' మోగితే ఎగురుతారు. వెంటనే 2020 నాటి 'అల వైకుంఠపురములో' నుంచి 'రాములో రాములా' మోగితే అంతకన్నా ఎక్కువ ఎగురుతారు. ఆ పాట రాసిన కాసర్ల శ్యామే 2023లో వచ్చిన 'బలగం' పాటకు జాతీయ అవార్డు అందుకున్నారు. వేణు యెల్దండి దర్శకత్వం, భీమ్స్ సంగీతం. చావింట్లో పాడే పాట దాకా అన్నీ మన యాసలోనే. గోదావరికి ఇటున్నా అటున్నా ఇంటింటా కన్నీళ్లు పెట్టించిన పాటలవి.

వంతెన వచ్చింది.. పుస్తకం పోయింది

'సైరాట్' వచ్చిన 2016 చివర్లోనే గోదావరి మీద వంతెన తెరిచారు. పడవ కోసం ఎదురుచూసే తిప్పలు తప్పాయి. అప్పటికే పాటకు పడవా అక్కర్లేదు, వంతెనా అక్కర్లేదు. ఫోన్‌లో పడిపోతోంది. సినిమా పాటలు కూడా నెలకొకటిగా వదులుతున్నారు. ఒక్కటి వింటారు, వేలితో తోసేస్తారు. క్యాసెట్ పోయింది. దాంతోపాటు పాటల పుస్తకమూ పోయింది.

నష్టం ఏమిటంటారా? తెలుగు పాట నచ్చిన పిల్లలు ఇప్పుడు దాన్ని నాగరి లిపిలో రాసుకుంటున్నారు. మరాఠీ రాతలో 'ఎ'కూ 'ఏ'కూ తేడా లేదు, 'ఒ'కూ 'ఓ'కూ తేడా లేదు. 'మెడ' రాసినా 'మేడ' రాసినా ఒకటే. 'కొన'కూ 'కోన'కూ భేదం పోయింది. పాట చెవిలో ఉన్నంత సేపు ఫర్వాలేదు. చెవి మరిచిన రోజు ఆ రాత చూసి పాడితే మెడ మేడవుతుంది!

మరాఠీ చదువు వద్దని ఎవరూ అనరు. కొలువు ఆ భాషలోనే ఉంది, ఆ భాషా మనదే. కానీ ఇంటి భాషకు కన్ను లేకుండా పోతే ఎట్లా? ఖర్చు లేని పని ఒకటుంది. ఫోన్‌లో పాట కింద తెలుగు అక్షరాలు నడిచే వీడియోలు ఉన్నాయి. పిల్లకు నోటికొచ్చిన సినిమా ఏదో అడగండి. అందులోని పాటలన్నీ వరసగా పెట్టండి. పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించండి. ఒత్తు దగ్గర ఆగితే మా అమ్మలా మట్టిలో రాసి చూపండి.

సిరొంచలో ఈ పేజీని చదువుతున్నది చాలా ఇళ్లలో తాతలు, నాయనమ్మలే. మనవడు పక్కనే కూర్చుని వింటున్నాడు. అన్నీ అర్థమవుతున్నాయి, ఒక్క అక్షరం తెలియదు. తాతా.. పేపర్ మడవకముందు, ఇందులో ఉన్న సినిమా పేర్లు వాడికి ఒక్కసారి వేలు పెట్టి చూపించు. ఆ పాటలు వాడికి వచ్చినవే!