రోమ్ ట్రాటోరియాలో తింటున్నారా? వెజ్ వాళ్లు ఇది చూసుకోండి

ఇటలీలో ఎక్కువగా ఒక కుటుంబమే నడుపుకునే మామూలు హోటల్‌ని ట్రాటోరియా అంటారు. మన మెస్ లాంటిదే అనుకోండి.

మెనూలో ప్రీమో అంటే పాస్తా లాంటివి, సెకొందో అంటే మాంసమో చేపో. కూరగాయలు కొంతోర్నో పేరుతో విడిగా తెప్పించుకోవాలి. అన్నీ తీసుకోవాలని రూలేం లేదు, ఒక్క పాస్తాతో ఆపేయొచ్చు.

ఇప్పుడు అసలు పాయింట్. రోమ్‌లో ఫేమస్ పాస్తాలు 4: కార్బొనారా, అమాత్రిచానా, గ్రీచా, కాచో ఎ పెపె. మొదటి మూడింట్లో గ్వాంచాలే, అంటే పంది చెంప మాంసం పడుతుంది. నాలుగోదాంట్లో చీజ్, మిరియాలే కదా, వెజ్ అనుకుంటాం. కానీ అందులో వేసే పెకొరీనో రొమానో చీజ్ కోసం పాలు గడ్డకట్టించేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో! పార్మిజానోకి అయితే దూడది వాడతారు.

సో, స్ట్రిక్ట్ వెజ్ అయితే టమాటా సాస్ పాస్తా చెప్పి, "సెంజా ఫొర్మాజ్జో" అనండి. చీజ్ వద్దు అని అర్థం.

ఇంకోటి, బిల్లు మామూలుగా మీరు అడిగితేనే తెస్తారు. త్వరగా లేవమన్నట్టు ఉండకూడదని వాళ్ల మర్యాద అన్నమాట. "ఇల్ కొంతో, పెర్ ఫవోరే" అంటే చాలు.

ఇటలీ వెళ్తున్న వెజ్ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపేయండి!