మనస్సునకు మానిక

ధాన్యమును కుంచముతో కొలుతురు. పసిడిని గురివింద గింజల యెత్తున తూచుట పూర్వాచారము. మరి మనస్సున పుట్టిన మోహమును దేనితో కొలువవలెను? కంటికి కనబడని దానికి మానిక యెక్కడిది? గత శతాబ్ది చివరి దశాబ్దమున ఇంటర్నెట్టు ఇండ్లలో ప్రవేశించినప్పుడు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల కెదురైన ప్రశ్న ఇదియే.

ఈ కథకు మొదలు ఒక పరిహాసము. 1995లో న్యూయార్కు మానసిక వైద్యుడు ఐవన్ గోల్డ్‌బర్గ్, తన వృత్తివారి రోగనిర్ణయ గ్రంథమును ఎగతాళి చేయుటకై 'ఇంటర్నెట్టు వ్యసన వ్యాధి' యను లేని జబ్బును కల్పించి, దానికి లక్షణములను గూడ వ్రాసెను. చదివినవారిలో కొందరు నవ్వుటకు మారుగా, ఆ లక్షణములు తమయందున్నవని ఒప్పుకొనిరి!

మరుసటి యేడే పరిహాసము శాస్త్రమైనది. అమెరికాలోనే కింబర్లీ యంగ్ అను మనస్తత్త్వవేత్త, జూదవ్యసనమును గుర్తించు సూత్రముల ననుసరించి ఎనిమిది ప్రశ్నలు కూర్చెను. అయిదింటికి 'అవును' అన్నచో వ్యసనమని ఆమె నిర్ణయము. 1998 నాటి ఆమె గ్రంథముతో ఇరువది ప్రశ్నల పరీక్ష ప్రచారమునకు వచ్చెను. అనుకొన్నదానికంటె ఎక్కువసేపు కూర్చుండుట, నిద్ర చెడుట, చదువు వెనుకబడుట, అడ్డు తగిలినవారిపై విసుగుకొనుట - ఇట్టివి ఎంత తరచుగా జరుగునో ఒకటి మొదలు అయిదు వరకు అంకె వేసికొనవలెను. మొత్తము 100. 50 చేరిన హెచ్చరిక. 80 చేరిన గండము.

2008లో హంగరీ పండితులు 18 ప్రశ్నలతో మరియొక కొలబద్దను వెలువరించిరి. ఎడతెగని తలపు, ఇతర కార్యముల ఉపేక్ష, అదుపు తప్పుట - ఈ మూడును దాని అంగములు. ఎన్ని గంటలు గడిచినవను లెక్కకంటె, జీవితమున ఏమి చెడినదను విచారణయే ఇందు ముఖ్యము.

అయినను ఈ మానికలకు చిల్లులున్నవి. జవాబు చెప్పువాడే సాక్షి, వాడే ముద్దాయి. దాచువాని అంకె తగ్గును. భయస్థుని అంకె పెరుగును. భాషాంతరమున మరియొక చిక్కు: యంగ్ పరీక్షలో మూడవ మెట్టు 'ఫ్రీక్వెంట్లీ', నాల్గవది 'ఆఫెన్'. తెలుగున రెండును 'తరచు'గనే దిగును! కేవలము మాటకు మాట పెట్టినచో మెట్టొకటి మాయమగును.

లెక్కలోనే ఇంకొక ప్రమాదము దాగియున్నది. ఉదాహరణకు వేయిమంది విద్యార్థులలో 50 మందికి నిజముగా బాధ కలదనుకొందము. బాధ గలవారిలో నూటికి 90 మందిని పరీక్ష పట్టుకొని, లేనివారిలో నూటికి పదిమందిపై పొరపాటున ముద్ర వేయుననుకొందము. అప్పుడు దొరకిన నిజమైన బాధితులు 45. నిష్కారణముగా దొరకినవారు 95. ముద్రపడిన 140 మందిలో మూడింట రెండు వంతులు నిర్దోషులు! మంచి పరీక్ష సయితము ఇట్లు మోసగించగలదు.

అందుచేతనే వైద్యలోకము ఆచితూచి అడుగువేయుచున్నది. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆటల వ్యసనమునకు చోటు దొరకినది. అదియును జీవితము తీవ్రముగ దెబ్బతిని, సాధారణముగ ఏడాదిపాటు కొనసాగిన పిమ్మటనే. ఇంటర్నెట్టు వాడుక యంతయు ఆ పేర చేరలేదు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుండి ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయము కలదు.

కావున తరగతిలో ఒక బాలునికి 62 వచ్చినచో ఉపాధ్యాయుడు చేయవలసినదేమి? ఆ అంకెను పదిమందిలో చదువరాదు. వానికి పేరు పెట్టరాదు. చెంత కూర్చుండబెట్టుకొని, 'రాత్రి నిద్ర పట్టుచున్నదా? ఆటకు పోవుచున్నావా? ఇంటిలో నీతో మాటలాడువారెవరు?' అని అడుగవలెను. కొందరు బిడ్డలు ఒంటరితనమునకు తాళలేకయే ఆ తెరను ఆశ్రయింతురు. కాగితము తలుపు తట్టునంతే. లోనికి పోయి పలుకరింపవలసినవాడు గురువు.