బాకా విన్నవారి బాధ్యత

శత్రుసైన్యం ఎప్పుడు విరుచుకుపడుతుందో తెలియని కాలంలో పట్టణాలు తమ ప్రాకారంపై ఒక కావలివాణ్ని నిలుపుకొనేవి. ఆపద కనిపించగానే బాకా ఊదడం అతని విధి. చూసీ ఊదకపోతే, పోయిన ప్రాణాలకు అతడే ఉత్తరవాది. ఊదినా లెక్కచేయనివాడు హతుడైతే, ఆ దోషం వాడిదే. బైబిలు పాత నిబంధనలో యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయం ఈ దృష్టాంతంతోనే ఆరంభమవుతుంది.

యెహెజ్కేలు యాజకుడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి చెరపట్టి తీసుకుపోయినవారిలో ఒకడు. కెబారు నదీతీరాన, ప్రవాసుల నడుమ ఉండగా, ఆ జనానికి కావలివాడివి నీవేనని దైవం ఆయనను నియమించింది. గమనించండి, ప్రజలను మార్చే భారం ఆయనపై మోపలేదు. హెచ్చరించడం వరకే ఆయన వంతు. తరువాతి లెక్క విన్నవారిది.

మరి విన్నవారేం చేశారు? ఎదురుతిరిగారని మనం ఊహిస్తాం. అధ్యాయం చివర కనిపించే దృశ్యం అంతకన్నా కలవరపెడుతుంది. వారు గోడల పక్కన, ఇళ్ల వాకిళ్లలో ఆయనను గురించే ముచ్చటించుకొనేవారు. ఒకరినొకరు పిలుచుకొని వచ్చి, భక్తజనంలా ఎదుట కూర్చొనేవారు. మధురకంఠుడు వాద్యం మీటుతూ పాడే పాటను విన్నట్లు విని, లేచి వెళ్లేవారు. ఆచరణ శూన్యం. యెరూషలేము కూలిపోయిందని, తప్పించుకొని వచ్చిన ఒకడు తెలిపిన వార్త ఈ వర్ణనకు ముందే ఉంది. హెచ్చరిక నిజమైన తరువాత కూడా అది వారికి పాటగానే మిగిలింది!

ప్రవచనం ముగిశాక 'ఎంత చక్కగా చెప్పారండీ' అనుకుంటూ ఇంటిదారి పట్టిన సాయంత్రాలు మీకు గుర్తుకు రావడం లేదూ? విదురుని హితవు రాత్రంతా విన్న ధృతరాష్ట్రుడూ అది సరైనదేనని ఒప్పుకొన్నాడు. దుర్యోధనుణ్ని చూడగానే తన బుద్ధి మారిపోతోందని కూడా అన్నాడు.

లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసు ఈ లెక్కను మరింత స్పష్టం చేస్తాడు. యజమాని ఇష్టం తెలిసీ చేయని సేవకుడికి ఎక్కువ దెబ్బలు. తెలియక తప్పుచేసినవాడికి తక్కువ. అలాగైతే వినకపోవడమే మేలని కొందరికి తోచవచ్చు. కానీ తెలియనివాడికీ శిక్ష తగ్గిందే గానీ తప్పలేదు.

యెహెజ్కేలు నోట పలికిన దైవానికి దుష్టుడి మరణం ఇష్టం కాదు, అతడు దారి మళ్లడమే ఇష్టం. ఎలా మళ్లాలో కూడా అదే అధ్యాయం చెబుతుంది: తాకట్టు వస్తువు తిరిగి ఇచ్చేయాలి, దోచుకున్నది అప్పగించాలి. అలా చేసినవాడి పాత పాపాల్లో ఒక్కటీ లెక్కలోకి రాదట.