పాత కంప్యూటర్‌కు మైనింగ్ కార్డు: కరెంటు మీటర్ చెప్పే లెక్క

గ్రాఫిక్స్ కార్డు పుట్టింది ఆటల తెర మీది లక్షల చుక్కలకు ఒకేసారి రంగులు లెక్కగట్టడానికి. ఒకే చిన్న లెక్కను వేలచోట్ల పక్కపక్కనే చేయగల ఆ గుణమే 2010లో దాన్ని బిట్‌కాయిన్ మైనింగ్‌లోకి, అంటే లెక్కలు చేసి డిజిటల్ నాణేలు సంపాదించే పనిలోకి తెచ్చింది. 2013 నుంచి ఆ ఒక్క లెక్క కోసమే తయారైన ఏసిక్ చిప్‌లు వచ్చి కార్డులను పక్కకు నెట్టాయి. 2015 జూలైలో మొదలైన ఇథీరియం అనే మరో నాణెం ఆ కార్డులను మళ్లీ పనిలో పెట్టింది. దాని ఈథాష్ పద్ధతికి లెక్కల వేగం కంటే మెమరీ ముఖ్యం. డాగ్ అనే ఫైలు మొత్తం కార్డు మెమరీలో పట్టాలి. 1 జీబీతో మొదలైన ఆ ఫైలు ప్రతి 30,000 బ్లాకులకు 8 ఎంబీ చొప్పున పెరుగుతూ, 2020 డిసెంబరు చివరికి 4 జీబీ కార్డుల్లో పట్టకుండా పోయింది. చిప్‌లో ఏ లోపమూ లేదు, అయినా పని పోయింది. 8 జీబీ ఆర్‌ఎక్స్ 580 కార్డు మాత్రం నిలబడింది. అందుకే కార్డు ఎంచుకునేవారు వేగం కంటే ముందు మెమరీ చూడాలి.

కంప్యూటర్ పాతదైతే పనికిరాదన్న భయం అక్కర్లేదు. మైనింగ్‌లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. కార్డును తీగతో స్లాట్‌కు కలిపే రైజర్ పెడితే మదర్‌బోర్డు మీది చిన్న ఎక్స్1 స్లాట్ కూడా చాలు. అసలు ప్రమాదం కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పాత ఎస్‌ఎంపీఎస్‌తో. ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది 75 వాట్లే, మిగిలింది 8 పిన్నుల తీగ నుంచి రావాలి. రైజర్‌కు హార్డ్‌డిస్కుల కోసం ఉండే సాటా తీగ తగిలిస్తే, 54 వాట్లకే పరిమితమైన ఆ కనెక్టర్ కరిగిపోవచ్చు.

ఇవన్నీ సరిచూసుకున్నా తాడేపల్లిలో లెక్క కుదరదన్నదే నా వాదన. మొత్తం 200 వాట్లు తాగే పెట్టె రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 144 యూనిట్లు. 2022లో ఏపీలో ప్రకటించిన గృహ టారిఫ్‌లో 400 యూనిట్లు దాటితే యూనిట్‌కు ₹9.75, ఏసీ వాడే ఇంట్లో వేసవిలో ఆ శ్లాబు దూరమేమీ కాదు. అంటే ₹1,404. ఆ 200 వాట్లూ చివరికి వేడిగా మారి గదిలోనే ఉంటాయి కనుక మే నెలలో ఏసీ ఖర్చు అదనం. ఇథీరియం మైనింగ్ ఆగిపోయినా, కార్డులతో మైనింగ్ చేయగల ఇథీరియం క్లాసిక్ అనే నాణెం ఉందిగా అంటారు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌నే వదిలేశాక, పని పోయిన కార్డులు అటు మళ్లి ఒక్కొక్కరి వాటాను చిన్నది చేశాయి. సోలార్ ఉంటే కరెంటు ఉచితమేగా అన్నా, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చే నెట్ మీటరింగ్‌లో ఆ యూనిట్‌కూ విలువ ఉంది. రేపు నాణెం ధర పెరుగుతుందన్న నమ్మకం ఉంటే నాణెమే కొనవచ్చు, కార్డు ఎందుకు? పైగా 2022 ఏప్రిల్ నుంచి నాణెం అమ్మితే వచ్చే లాభంపై 30 శాతం పన్ను; కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు, కరెంటు బిల్లు సహా.

అయితే మైనింగ్‌లో నలిగిన 8 జీబీ కార్డు చవకగా దొరికితే వడ్డేశ్వరంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఆటలకో, త్రీడీ బొమ్మల పనికో నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. ఫ్యాన్లు సాఫీగా తిరుగుతున్నాయా, కార్డును నడిపే లోపలి ప్రోగ్రామైన బయోస్‌ను మైనింగ్ కోసం మార్చారా అన్నవి ముందు చూసుకోవాలి. మార్చి ఉంటే అసలు బయోస్ మళ్లీ ఎక్కించాకే వాడాలి.